ఆ ప్రకటన ఏ తేదీది మాష్టారూ?

ప్రశ్న: మాది శ్రీకాకుళం. రిటైర్డ్ టీచర్ని. పెద్దాసుపత్రికి దగ్గర్లో ఒక లేఅవుట్‌లో 1998లో స్థలం కొని ఇల్లు కట్టుకున్నాం. మా పక్కనున్న రెండు ప్లాట్లు ఈమధ్య ఒక ప్రైవేటు ఆస్పత్రి వాళ్లు కొన్నారు. ఆ నివాస స్థలాన్ని ఆస్పత్రి వాడకానికి మార్చమని దరఖాస్తు పెట్టారట. పేపర్లో ప్రకటన పడిందని మా అల్లుడు వాట్సాప్‌లో ఫొటో పంపాడు. మా అమ్మకి 84 ఏళ్లు, గుండె జబ్బు. జనరేటర్ మోత, రాత్రంతా అంబులెన్సులు, వాడిపడేసిన సూదులు... తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. ప్రకటనలో ముందున్నది 40 అడుగుల రోడ్డు అని రాశారు. మా దస్తావేజులో 30 అడుగులే ఉంది. ఆస్పత్రి మేనేజరు వచ్చి, ‘అభ్యంతరం లేదు’ అని వంద రూపాయల స్టాంపు పేపరు మీద సంతకం పెడితే మా ప్రహరీ ఎత్తు చేయిస్తామని, ఇంటిల్లిపాదికీ ఉచితంగా వైద్యం చేస్తామని అంటున్నాడు. సంతకం పెట్టి, వాళ్లు మాట తప్పితే అప్పుడు కోర్టుకి వెళ్లవచ్చా?

జవాబు: మాష్టారూ, మీరు పంపిన ఫొటోలో సర్వే నంబరు ఉంది, చదరపు గజాలు ఉన్నాయి, నాలుగు హద్దులూ ఉన్నాయి. పేపరు పైభాగం మాత్రం కత్తిరించేశారు. అంటే తేదీ లేదు. మీ కేసు అంతా ఆ పోయిన ముక్కలోనే ఉంది. పిల్లల హాజరు పట్టీలో తేదీ వేయకపోతే ఊరుకునేవారా? ఉత్తరం నిండా అమ్మగారి ఆరోగ్యం గురించి రాశారు గానీ, ప్రకటన ఎప్పుడు పడిందో ఒక్క ముక్క రాయలేదు.

మాస్టర్ ప్లాన్‌లో నివాస జోన్‌గా చూపిన స్థలాన్ని మార్చాలంటే ముందు ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలు పిలవాలి. 1920 నాటి టౌన్ ప్లానింగ్ చట్టం కింద వచ్చే ముసాయిదాల్లో గెజిట్‌లో పడిన రోజు నుంచి 15 రోజులు గడువు ఇస్తారు. పట్టణాభివృద్ధి సంస్థలు ఇచ్చే పేపరు ప్రకటనల్లోనూ గడువు, అభ్యంతరం ఎవరికి పంపాలన్నదీ రాసి ఉంటాయి. ఈరోజే అల్లుడిగారికి ఫోన్ చేసి పూర్తి పేజీ తెప్పించండి. దొరక్కపోతే లైబ్రరీలో పాత పేపర్లు తిరగేయండి, గెజిట్ ఆన్‌లైన్‌లో చూడండి. సమాచార హక్కు దరఖాస్తు పెట్టి కూర్చోవద్దు. దానికి జవాబివ్వడానికి వాళ్లకి 30 రోజులు టైముంది. ఈలోగా మీ 15 రోజులూ అయిపోతాయి.

ఇక రోడ్డు సంగతి. మీరు మాటవరసకి రాశారు గానీ, మీ ఉత్తరంలో అసలు విషయం అదొక్కటే. ఆస్పత్రి భవనానికి ముందు ఎంత వెడల్పు రోడ్డు ఉండాలో భవన నిర్మాణ నిబంధనల్లో ఉంది. రోడ్డు చాలకపోతే జోన్ మార్చినా వాళ్లు అనుకున్నంత భవనానికి అనుమతి రావడం కష్టం. అందుకే ఆ 40 ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చాలి. మీ దస్తావేజు ఒక్కటీ చాలదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లి ఆస్పత్రి వాళ్లు కొన్న రెండు దస్తావేజుల సర్టిఫైడ్ కాపీలకి దరఖాస్తు చేయండి. స్థిరాస్తి దస్తావేజుల నకలు ఎవరైనా ఫీజు కట్టి తీసుకోవచ్చు, రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షనే ఆ వీలు ఇస్తోంది. వాళ్ల దస్తావేజులో హద్దులు రాసే షెడ్యూల్‌లోనే ‘ఉత్తరం: 30 అడుగుల రోడ్డు’ అని ఉంటే, ఇక వాదన మీరు చేయనక్కర్లేదు, వాళ్ల కాగితమే చేస్తుంది. లేఅవుట్ ఆమోదం పొందినదైతే ఆ ప్లాన్ నకలు కూడా తీసుకోండి. ఆ తర్వాత టేపు పట్టుకుని రోడ్డు కొలిచి, టేపు మీద అంకె కనిపించేలా ఫొటోలు తీయండి. అన్నట్టు, మీ ఇంటి మెట్లు కాలువ మీదికి వచ్చి ఉంటే ముందు వాటి సంగతి చూసుకోండి. రోడ్డు ఇరుకు చేసింది మీరేనని వాళ్ల వకీలు ముందుగా అనేది అదే.

అభ్యంతరం ఒకటిన్నర పేజీ మించకూడదు. రోడ్డు వెడల్పు, పార్కింగ్, డ్రైనేజీ, లేఅవుట్ షరతులు, అంతే. అమ్మగారి ఈసీజీ రిపోర్టులు జత చేయకండి. ప్లానింగ్ అధికారి వాటిని చూసి జాలిపడతాడేమో గానీ ఫైల్లో రాయడానికి ఆయనకి ఏమీ ఉండదు. ఆఫీసులో కాగితాలు తీసుకునే ఇన్‌వర్డ్ సెక్షన్‌లో ఇచ్చి మీ కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. వాళ్లు ముద్ర వేయడానికి ఒప్పుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు దాచుకోండి. ‘చెప్పాం సార్, చూస్తామన్నారు’ అనేది కోర్టులో సాక్ష్యం కాదు.

ఆ స్టాంపు పేపరు మీద మాత్రం పొరపాటున కూడా సంతకం పెట్టకండి. ప్రహరీ ఎత్తు చేస్తామన్న మాట నోటిది, మీ సంతకం కాగితం మీదిది. మీ కాగితం మర్నాడే ఫైల్లోకి వెళ్తుంది. ప్రతిఫలం పుచ్చుకుని ఒప్పుకున్న మనిషి తర్వాత ఆ ఉత్తర్వు చెల్లదని హైకోర్టులో రిట్ పిటిషన్ వేస్తే, అఫిడవిట్‌లో ఆ సంగతి చెప్పినా చిక్కే, దాచినా ఇంకా పెద్ద చిక్కు. ఆ దారిలో మీకు కోర్టు తలుపు దాదాపు మూసుకున్నట్టే. ఇరుగుపొరుగు వాళ్లకీ ఈ మాట చెప్పండి. వీలైతే వాళ్లూ ఎవరికి వారు విడిగా అభ్యంతరాలు ఇవ్వడం మంచిది.

పక్కింటివాడికి అడిగే హక్కు ఉందా అన్న అనుమానం వద్దు. ఉడుపిలో నివాస ప్రాంతంలో సినిమా హాలు కట్టనిచ్చినందుకు ఒక స్థానికుడు పోరాడితే, 1974లో సుప్రీంకోర్టు ఆయన పక్షానే నిలబడింది. నోయిడాలో ఇళ్ల సెక్టార్లలో నర్సింగ్ హోములు, బ్యాంకులు నడపడం మాస్టర్ ప్లాన్‌కి విరుద్ధమని 2011 డిసెంబరులో చెప్పింది. అయితే అదే తీర్పులో, అక్కడి నిబంధనల ప్రకారం డాక్టర్లు సొంతింట్లో కింది అంతస్తులో 30 శాతం మేర క్లినిక్‌కి వాడుకోవచ్చని కూడా ఉంది. కాబట్టి మన ఊరి జోనింగ్ నిబంధనల్లో నివాస జోన్‌లో వేటికి అనుమతి ఉందో ఆ జాబితా చూసుకున్నాకే పెన్ను పట్టండి. ఉన్నదాన్ని కాదంటే మిగతా మంచి పాయింట్లు కూడా తేలిపోతాయి.

జోన్ మారకుండా ఇంటి ప్లాన్ మీద అనుమతి తెచ్చుకుని ఆస్పత్రి కడితే అది వేరే కథ. మీరట్‌లో నివాస ప్లాట్‌లో కట్టిన దుకాణాలు ఏళ్ల తరబడి నడిచినా, 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు కూల్చివేతనే సమర్థించింది. అలా జరిగితే పునాది దశలోనే తేదీ ఉన్న ఫొటోలతో కమిషనర్‌కి ఫిర్యాదు ఇవ్వండి. శ్లాబు పడేదాకా చూడకండి.

గడువు ఇప్పటికే దాటిపోయి ఉంటే? తుది ఉత్తర్వు ఇంకా రాకపోతే ఆలస్యానికి కారణం రాసి అయినా అభ్యంతరం ఇవ్వండి, ఫైల్లో ఉండటం ముఖ్యం. ఉత్తర్వు వచ్చేసి ఉంటే అమరావతిలో హైకోర్టులో రిట్ ఒక్కటే గట్టి దారి. రిట్‌కి ఇన్ని రోజులని చట్టంలో గడువు లేదు గానీ, ఏడాది ఆగి వెళ్తే జడ్జిగారు అడిగే మొదటి ప్రశ్న ‘ఇన్నాళ్లూ ఏం చేశారు?’ అనే. ముద్ర పడిన అభ్యంతరం కాపీ, ఆస్పత్రి వాళ్ల దస్తావేజుల నకళ్లు, లేఅవుట్ ప్లాన్, పూర్తి పేజీ ప్రకటన పట్టుకుని వెంటనే ఒక హైకోర్టు వకీలుని కలవండి.