బ్లూ రిడ్జ్‌లో పిల్లలతో ట్రౌట్ పట్టాలంటే నది దగ్గరికి ఎక్కడ దిగాలి?

మే నెలలో ఇద్దరు పిల్లలతో జార్జియా రాష్ట్రంలోని బ్లూ రిడ్జ్‌లో కేబిన్ తీసుకుంటున్నామని, ఊరి చెరువులో గాలం వేయడం తప్ప వేరే అనుభవం లేదని, అక్కడి టొకోవా నదిలో ట్రౌట్‌కి (చల్లటి నీళ్లలో బతికే చేప) ఎక్కడ దిగాలని ఒకరు అడిగారు. మేం జార్జియాలోనే కమ్మింగ్‌లో ఉంటాం, వీలున్నప్పుడల్లా అక్కడికి పోతుంటాం.

ఎక్కడ దిగాలన్నది చూసే ముందు డ్యామ్ నీళ్లు ఎప్పుడు వదులుతున్నారో చూసుకోవాలి. ఈ నది మీదున్న బ్లూ రిడ్జ్ డ్యామ్ టెన్నెసీ వ్యాలీ అథారిటీ అనే ప్రభుత్వ సంస్థది. డ్యామ్ వెనక చెరువు అడుగు నుంచి వచ్చే నీళ్లు కాబట్టి జార్జియా ఎండల్లోనూ చల్లగా ఉంటాయి, ట్రౌట్ బతికేది అందుకే. కరెంటు తీయడానికి గేటు ఎత్తితే మాత్రం మోకాలి లోతులో నిలబడ్డ చోట కాసేపటికి నిలబడలేరు. ఏ రోజు ఎప్పుడు వదులుతారో వాళ్ల యాప్‌లో పెడతారు. అది మారిపోతుంటుంది కూడా, బయల్దేరే ముందు మళ్లీ చూడండి. నీళ్లు వదిలేముందు డ్యామ్ హారన్ వినపడుతుందిలే అని నమ్ముకోవద్దు. ఇందాక పొడిగా ఉన్న రాయి తడిసినా, నీళ్లలో ఆకులు, పుల్లలు ఎక్కువగా కొట్టుకొస్తున్నా గాలం చుట్టేసి ఒడ్డెక్కేయండి. చేప పడబోతోంది, ఇంకొక్క నిమిషం అనుకోకండి.

చాలామందికి తట్టని సంగతి ఇంకోటి ఉంది. డ్యామ్ కిందే ఉన్న టామెన్ పార్క్ దగ్గర నీళ్లు వెంటనే పెరుగుతాయి, ఆపగానే తగ్గుతాయి. అదే నీరు మెక్‌కేస్‌విల్‌లోని హార్స్‌షూ బెండ్ పార్క్‌కి చేరాలంటే గంటలు పడుతుంది. అంటే మధ్యాహ్నం డ్యామ్ ఆపేశారు కదా అని అక్కడ దిగితే, అసలు ప్రవాహం అప్పుడే వస్తూ ఉండొచ్చు.

హార్స్‌షూ బెండ్ చూడ్డానికి బాగుంటుంది. నది గుండ్రంగా తిరుగుతుంది, కూర్చుని తినడానికి బల్లలు ఉంటాయి. కానీ చిన్నపిల్లలతో మొదటిసారి అయితే నా ఓటు డ్యామ్‌కి ఎగువన, అడవిలో ఉన్న డీప్ హోల్‌కే. అక్కడ పైన డ్యామ్ లేదు కాబట్టి ఈ టెన్షన్ ఉండదు. పెద్ద వాన పడ్డ మర్నాడు మాత్రం వద్దు. వసంతంలో నదిలో చేపలు తెచ్చి వదులుతారు కాబట్టి మే నెల మంచి సమయమే, జులైకల్లా ఆ నీళ్లు వెచ్చబడతాయి. ఒక జాగ్రత్త: డీప్ హోల్‌కి దిగువన శాండీ బాటమ్ నుంచి షాలోఫోర్డ్ వంతెన వైపు ఉన్న కొంత భాగంలో నవంబర్ 1 నుంచి మే 14 వరకు పట్టిన చేపను వదిలేయాల్సిందే, ఎర్రలు గుచ్చడానికీ వీల్లేదు. బోర్డులు చదివి దిగండి.

లైసెన్స్ గురించి: 16 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ఫిషింగ్ లైసెన్స్‌తో పాటు ట్రౌట్ లైసెన్స్ కూడా కావాలి. ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని. మెక్‌కేస్‌విల్ దాటితే టెన్నెసీ, నది పేరే ఒకోయీ అయిపోతుంది, మీ జార్జియా లైసెన్స్ అక్కడ చెల్లదు.

సామానుకి ఎక్కువ ఖర్చు పెట్టకండి. ఫ్లై ఫిషింగ్ (పురుగులా చేసిన నకిలీ ఎరతో పట్టడం) తర్వాత నేర్చుకోవచ్చు. తేలికపాటి స్పిన్నింగ్ రాడ్, నాలుగు పౌండ్ల బరువు తట్టుకునే సన్న దారం, చిన్న కొక్కెం, ఎర్రలు చాలు. చెరువులోలా బెండు వేసి ఒకేచోట కూర్చుంటే పని జరగదు. ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి, రాయి వెనక నిదానంగా ఉన్న నీళ్లలో కాచుకుని ఉంటుంది. కాబట్టి ఎగువకి విసిరి, ఎర దానంతటదే కొట్టుకొచ్చి ఆ రాయి పక్కగా పోయేలా వదలాలి. నీళ్లలో రాళ్లు పాచి పట్టి జారతాయి, చెప్పులతో దిగొద్దు, చేతిలో కర్ర ఉంచుకోండి. పిల్లలకి లైఫ్ జాకెట్ వేయండి, వాళ్లు ఎంత గొడవ చేసినా సరే.

రోజుకి మనిషికి ఎనిమిది దాకా ఉంచుకోవచ్చు, తినేంతవరకే ఉంచుకోండి. పొలుసు సన్నం, గీకే పనే లేదు. పొట్ట కోశాక వెన్నెముక వెంట నల్లటి నెత్తురు చార కనిపిస్తుంది, దాన్ని బొటనవేలి గోరుతో గీకి కడగండి, నీచువాసన సగం పోతుంది. మా ఇంట్లో పులుసు పెట్టి చూశాం, కొరమీనులా ముక్క నిలబడదు, విడిపోతుంది. ఉప్పు, కారం, పసుపు, నిమ్మరసం పట్టించి కేబిన్‌లోనే పెనం మీద వేపుడు చేసేయండి. మసాలా పొడి ఇంటి నుంచి పట్టుకెళ్లండి, అక్కడి కొట్లలో మన కారం దొరకదు.