ఊరి సంబరం ఫొటోలు బాగా రావాలంటే కొత్త ఫోన్ కొనాలా?

చీపురుపల్లి దగ్గర మీ ఊళ్లో అమ్మవారి సంబరానికి ఫొటోలు తీసే పని మీకు అప్పగించారని, పోయినసారి రాత్రి తీసినవన్నీ అలుక్కుపోయాయని, పదిహేను వేల ఫోన్ పక్కన పెట్టి ఖరీదైనది కొనాలా అని అడిగారు. కొనకండి. నాది విజయనగరం. ఏడేళ్లుగా మా అమ్మమ్మగారి ఊరి సంబరానికీ, ఏటా విజయనగరంలో పైడితల్లి అమ్మవారికి జరిగే సిరిమానోత్సవానికీ ఫోన్‌తోనే తీస్తున్నాను. మధ్యలో ఒకసారి ఫోన్ మార్చాను గానీ, ఫొటోలు బాగుపడింది దానివల్ల కాదు. ఎక్కడ నిలబడాలి, ఏ వేళకి వెళ్లాలి అన్నది తెలిశాక బాగుపడ్డాయి.

మొదటి ఏడాది నాకూ మీలాగే అయింది. రాత్రి తొమ్మిదింటికి తప్పెటగుళ్ల జట్టు ఆట మొదలుపెట్టింది. గుండెల మీద కట్టుకున్న గుళ్లు, అంటే గుండ్రటి రేకు వాయిద్యాలు మోగిస్తూ, గజ్జెలతో ఎగురుతుంటే ఎదురుగా నిలబడి నలభై, యాభై ఫొటోలు తీశాను. ఇంటికొచ్చి చూస్తే ఒక్కదాంట్లోనూ ముఖం లేదు, అన్నీ తెల్లటి చారలే. వెలుతురు తక్కువైతే ఫోన్ కెమెరా ఎక్కువసేపు తెరుచుకుని ఉంటుంది. ఆ కాసేపట్లో మనిషి ఎగిరి కిందికి వచ్చేస్తాడు. అందుకే అలుక్కుపోతుంది. ఎంత ఖరీదు ఫోనైనా చీకట్లో ఎగిరే మనిషి దగ్గర కొంత తడబడుతుంది.

మరుసటి ఏడు సాయంత్రం నాలుగున్నరకే వెళ్లాను. జట్టువాళ్లు బడి అరుగు మీద కూర్చుని గజ్జెలు కట్టుకుంటున్నారు, ఒకరి గుళ్లు ఒకరు బిగిస్తున్నారు. పెద్దాయన ఒకరు కుర్రాడికి అడుగు చూపిస్తున్నారు. ఏటవాలు ఎండ ముఖాల మీద పడుతోంది. ఆ అరగంటలో తీసిన ఇరవై ఫొటోలే ఇప్పటికీ ఊళ్లో అందరి ఫోన్లలో ఉన్నాయి. సంబరం అంటే రాత్రి ఆట ఒక్కటే అనుకోకండి. ముగ్గులేసేటప్పుడు, పందిరికి వేపమండలు కట్టేటప్పుడు, ఆడవాళ్లు ఘటాలకు పసుపు రాసి బొట్లు పెట్టేటప్పుడు మీరు అక్కడ ఉండాలి. నాలుగున్నర నుంచి పొద్దుగుంకేవరకు కరెంటు లైటు ఇవ్వలేని వెలుగు ఊరంతా ఉంటుంది.

రాత్రి ఆట కూడా కావాలి కదా. దానికి నేను చేసేది ఒకటే. లైటింగ్ పెట్టే అబ్బాయితో పొద్దున్నే మాట్లాడతాను. ఆట ఆడే చోట ఒక పక్కగా, ముఖాల మీద పడేలా ఒక్క తెల్ల లైటు పెట్టమంటాను. ఎరుపు, నీలం తిరిగే లైట్ల కింద ఏ ఫోనూ మనిషి రంగు సరిగ్గా పట్టదు. మా ఊళ్లో ఆ అబ్బాయి అడగ్గానే ఒప్పుకున్నాడు, అదనంగా డబ్బు కూడా తీసుకోలేదు. తర్వాత ఆ లైటు మీ వెనక గానీ, మీ భుజం పక్కన గానీ ఉండేలా నిలబడండి. జట్టు ఎగిరినప్పుడు పైన ఒక్క క్షణం ఆగినట్టుంటుంది. నాలుగైదు వరసలు కళ్లతో చూస్తే ఆ తాళం మీకే తెలిసిపోతుంది. ఆ క్షణానికి బటన్ నొక్కి పట్టుకుని వరసగా పది తీస్తే రెండైనా నిలుస్తాయి.

నైట్ మోడ్ కదలనివాటికే వాడండి: సీరియల్ బల్బుల గుడి, దించి పెట్టిన ఘటాలు. మనుషులు కదులుతుంటే ఆపేయండి. ఫ్లాష్ రెండు మూడు మీటర్లు దాటి పనిచేయదు, పైగా దీపం వెలుగుని చంపేస్తుంది. ఎల్‌ఈడీ లైట్ల కింద ఫొటోలో అడ్డంగా నల్ల చారలు వస్తే కెమెరాలో మనమే సెట్టింగులు మార్చుకునే ప్రో మోడ్‌లోకి వెళ్లి షట్టర్ 1/100 (సెకనులో వందో వంతు) పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్, బల్బు సెకనుకి వందసార్లు మినుకుతుంది కాబట్టి చాలావరకు సర్దుకుంటుంది. ఇక లెన్స్. చెమట, పసుపు, కుంకుమ చేతులతో పట్టుకున్న ఫోన్ అది. పది నిమిషాలకోసారి మెత్తటి నూలుబట్టతో తుడవండి. దీపాల చుట్టూ పొగమంచులా వచ్చేది చాలాసార్లు ఆ మరకే.

జూమ్ జోలికి వెళ్లొద్దు. నాలుగు అడుగులు ముందుకు నడవండి.

నడవలేని చోటు సిరిమాను. దసరా తర్వాత వచ్చే మంగళవారం లక్షల మంది మధ్య ఎటూ కదల్లేం. సిరిమాను అంటే బండికి అమర్చిన పొడవాటి చింతమాను. అంత ఎత్తున దాని కొసన పూజారి కూర్చుని ఉంటారు, వెనకంతా తెల్లటి ఆకాశం. మామూలుగా నొక్కితే ఆయన నల్లటి చుక్కలా వస్తారు. తెర మీద ఆయన ముఖం దగ్గర వేలు పెట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కొంచెం పైకి జరపండి. ఆకాశం తెల్లబోయినా ముఖం కనిపిస్తుంది. సిరిమాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. మొదటిసారి వెలుగు ఎటుందో చూసుకుంటాను, రెండోసారి తీస్తాను, మూడోసారి ఫోన్ జేబులో పెట్టి దండం పెట్టుకుంటాను. నిజానికి నాకు నచ్చిన సిరిమాను ఫొటోల్లో సిరిమాను లేదు. అరటిపండు విసరడానికి చెయ్యెత్తిన ఒక తండ్రి, ఆయన భుజాల మీద నోరు తెరిచి పైకి చూస్తున్న పాప, అంతే.

ఒక విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. అమ్మవారు పూనినవాళ్లని తీయకండి. ఒంటి మీద తెలివి లేనప్పుడు, జుట్టు విరబోసుకుని పడిపోయే స్థితిలో ఉన్న తల్లిని తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం నేను చూశాను. మర్నాడు ఆమె ఇంట్లోంచి బయటికి రాలేదు. గర్భగుడిలో కూడా తీయొద్దు. పిల్లల్ని తీసేముందు వాళ్ల అమ్మనో నాన్ననో అడగండి. అడిగితే ఎవరూ కాదనరు, పైగా పిల్లాడికి తల దువ్వి మరీ నిలబెడతారు.

గ్రూప్ ఫొటో నీడలో, మధ్యాహ్నం భోజనాల ముందే తీసేయండి. చివర్లో నిలబడ్డవాళ్ల ముఖాలు సాగిపోకుండా ఉండాలంటే వైడ్ లెన్స్ వాడకుండా మీరే వెనక్కి జరగండి. ఎవరో ఒకరు కళ్లు మూస్తారు కాబట్టి మూడు నాలుగు తీయండి. ముందు రోజు రాత్రే ఫోన్‌లో జాగా ఖాళీ చేసుకుని, పవర్ బ్యాంక్ నింపుకోండి. ఎండలో వేడెక్కితే తెర మసకబారుతుంది, కాసేపు నీడలో పెడితే సరిపోతుంది. గ్రూపులో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే వాట్సాప్ నాణ్యత తగ్గించేస్తుంది.

ఇంకొక్కటి, చాలామంది చెయ్యరు. మంచివి ఓ పదిహేను ఎంచి స్టూడియోలో ప్రింట్లు తీయించి, ఫోన్ లేని పెద్దవాళ్లకి ఇవ్వండి. మూడేళ్ల క్రితం ఘటం ఎత్తుకున్న ఒక ముసలమ్మకి ఇచ్చాను. చీర కొంగుతో రెండుసార్లు తుడిచి, "ఏటి బాబూ, ఇది నానేనా?" అంది. ఆ మరుసటి ఏడు ఘటం ఎత్తుకోగానే నన్ను వెతుక్కుంటూ వచ్చి, వెలుగున్న పక్కకి తిరిగి నిలబడింది.