నలభై రోజుల ఉపవాసం, చెల్లెలి వాటా

ప్రశ్న: వందనాలు మేడమ్. మాది కల్వకుర్తి దగ్గర ఊరు. నాకు 47 ఏళ్లు, హార్డ్‌వేర్ షాపు ఉంది. అమ్మ ముందే పోయింది. నాన్న కూడా పోయాక శ్రీశైలం రోడ్డు పక్కనున్న 2 ఎకరాల 10 గుంటలు నా పేరు మీద విరాసత్ చేయించుకున్నాను. చెల్లె మిర్యాలగూడ నుంచి వచ్చి, కాగితం చదవకుండానే సంతకం పెట్టింది. తర్వాత భూమిని 62 లక్షలకు అమ్మాను. తనకు మాత్రం 20 లక్షలకే పోయిందని చెప్పాను. నాన్న ఆసుపత్రి అప్పు 8 లక్షలు, తన పెళ్లి ఖర్చు పోను ఇంతే మిగిలిందని 4 లక్షలు చేతిలో పెట్టాను. ఈసారి శ్రమల దినాల్లో, అంటే ఈస్టర్ ముందు నలభై రోజులు, సాయంత్రం దాకా ఉపవాసం ఉంటున్నాను, చాయ్ కూడా మానేశాను. నా పాపాలన్నీ నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను, ఆ పేజీ ఫొటో పంపిస్తున్నా. మొన్న మా చర్చి అయ్యగారు, భూమి అమ్మిన సొమ్ములో కొంత దాచి అబద్ధమాడిన భార్యాభర్తలు అననీయ, సప్పీరాల గురించి వాక్యం చెప్పినప్పటి నుంచి నిద్ర లేదు. గుడ్ ఫ్రైడే నాడు సంఘం ముందు సాక్ష్యం చెప్పి ఒప్పుకోవాలా? దేవుని ముందు మోకాళ్లూనితే చాలదా? బిడ్డకు సంబంధాలు చూస్తున్నాం, ఇప్పుడు ఇవన్నీ తవ్వొద్దని మా ఇంటావిడ గొడవ పెడుతోంది. కూడికలో ఒకాయన ఇది సాతాను శోధన అన్నాడు.

జవాబు: మీ నోట్‌బుక్ పేజీ జాగ్రత్తగా చదివాను. పైన కోపం, టీవీ, పొద్దున ప్రార్థన తప్పడం. తర్వాత ‘దశమభాగం బాకీ 11,400’ అని రాసి కింద గీత కొట్టారు. అన్నిటికంటే అడుగున, అంచు పక్కన చిన్న అక్షరాలతో ‘చెల్లె విషయం’. అంతే. చర్చికి బాకీ పడింది వందల దాకా లెక్క తేల్చారు గానీ, చెల్లెలికి బాకీ పడిన దాని పక్కన అంకె లేదు. మిమ్మల్ని నిద్రపోనివ్వనిది ఆ రాయని అంకేనని నాకనిపిస్తోంది. సాతాను శోధన అన్న పెద్దమనిషి మీకు మంచే చేద్దామనుకుని ఉంటాడు, కానీ చెల్లెలి డబ్బు ఉంచుకున్నవాడికి నిద్ర పట్టకపోతే దానికి శోధన అని పేరెందుకు?

కాబట్టి ముందు ఆ లెక్క రాయండి. 62లో ఆసుపత్రి అప్పు 8 తీస్తే 54. ఇద్దరే వారసులు, సగం 27. ఇచ్చింది 4, ఇవ్వాల్సింది 23 లక్షలు. పెళ్లి ఖర్చు ఇందులోకి రాదు. ఆ పెళ్లి మీ నాన్న ఉన్నప్పుడు, ఆయన డబ్బుతో చేసిందైతే దాన్ని మీరు ఇప్పుడు మీ ఖాతాలో వేసుకోలేరు. ‘కట్నమిచ్చి పంపాం కదా’ అనే మాట మన దగ్గర ప్రతి ఇంట్లో వినిపిస్తుంది, చర్చికి వెళ్లే ఇళ్లలోనూ అంతే. చట్టం మాత్రం ఆ మాట వినదు. క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టంలో కొడుక్కీ బిడ్డకీ వాటా సమానం. కాగితాల్లో హిందువులుగా ఉన్న కుటుంబమైనా, వీలునామా రాయకుండా పోయిన తండ్రి సొంత ఆస్తిలో 1956 నాటి హిందూ వారసత్వ చట్టం కూడా బిడ్డకు సమాన వాటాయే ఇస్తుంది.

ఇక అననీయ, సప్పీరాల సంగతి. అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయం ఇంకోసారి నిదానంగా చదవండి. భూమి అమ్మకముందు అది నీదే, అమ్మాక ఆ సొమ్మూ నీ చేతిలోనే ఉంది కదా అని యేసు శిష్యుడు పేతురే అననీయతో అంటాడు. తప్పు సొమ్ము ఉంచుకోవడంలో కాదు, తక్కువ చూపించి అంతా ఇదే అన్నట్టు నటించడంలో ఉంది. వాళ్లు అబద్ధమాడింది సొంత సొమ్ము గురించి. మీ దగ్గరున్నదాంట్లో సగం మీది కూడా కాదు. కఠినంగా ఉందని తెలుసు, కానీ మీరు అడిగారు కాబట్టి చెప్పాలి. అయితే అదే కథలో, అబద్ధమాడిన భర్త అక్కడే పడి చనిపోయిన సుమారు మూడు గంటలకు లోపలికొచ్చిన సప్పీరాను పేతురు ‘భూమి ఇంతకే అమ్మారా?’ అని అడుగుతాడు. నిజం చెప్పడానికి ఆమెకు ఒక అవకాశం దొరికింది. మీకూ ఇప్పుడు అదే దొరికింది.

మోకాళ్ల మీద దేవునికి చెప్పుకుంటే చాలదా అన్నారు. 51వ కీర్తనలో దావీదు ‘నీకే విరోధంగా పాపం చేశాను’ అన్నాడు కదా అని చాలామంది దాన్నే పట్టుకుంటారు. నిజమే, కానీ ఆ కీర్తన నాటికి, దావీదు ఎవరి భార్యను తీసుకుని ఎవరిని చంపించాడో ఆ ఊరియా బతికి లేడు. దావీదు వెళ్లి తలుపు తట్టడానికి ఇల్లు మిగల్లేదు. మీ చెల్లె మిర్యాలగూడలో ఉంది, దేవరకొండ మీదుగా ఒక పూట ప్రయాణం. లేవీయకాండం 6వ అధ్యాయం ఇలాంటి మోసానికే దారి చెబుతుంది: అసలు, దాని మీద ఐదో వంతు కలిపి ఎవరిదో వారికి ఇవ్వాలి, అపరాధ బలి అర్పించే రోజునే ఇచ్చేయాలి. ఆ ఐదో వంతు తప్పనిసరని నేననను. కానీ ఇన్నాళ్లు ఆ డబ్బు మీ షాపులో తిరిగింది కాబట్టి, ఎంతో కొంత కలిపితేనే న్యాయం.

సాక్ష్యం మాత్రం వద్దు. గుడ్ ఫ్రైడే నాడు ఏడు మాటల ఆరాధనలో, మూడు గంటల ఉపవాసం మీదున్న జనం మధ్య మైకు పట్టుకుని మీరు ఏడిస్తే అందరూ స్తోత్రం అంటారు, బయటికొచ్చాక కౌగిలించుకుంటారు. మీ గుండె బరువు దిగుతుంది. ఈలోగా ఎవరో వీడియో తీసి వాట్సాప్‌లో పెడతారు, మీ చెల్లెకు తను మోసపోయిన సంగతి ఫోన్‌లో తెలుస్తుంది. ఊరంతా క్షమించేశాక తను కోప్పడితే తననే చెడ్డదాన్ని చేస్తారు. ఆ పని చేయకండి.

ముందు మీ ఇంటావిడతో కూర్చోండి. ఆమెను సప్పీరా పక్కన నిలబెట్టకండి, ఆమె భయం బిడ్డ పెళ్లి గురించి. ఇవ్వాలా వద్దా అన్నది చర్చకు పెట్టొద్దు. ఎలా ఇద్దాం, ఎన్ని విడతల్లో, ఏది అమ్మి అన్నదాంట్లో ఆమె మాటకు విలువివ్వండి. బంధుత్వం కుదిరాక, పెళ్లిలో నలుగురి ముందు చెల్లెలి భర్త నోట ఈ మాట బయటపడితే ఎంత రభసవుతుందో కూడా ఆమెకు గుర్తు చేయండి. ఆ రోడ్డు పక్క భూముల రేటు జనానికి తెలియంది కాదు, మీ చెల్లెకు ఇప్పటికే అనుమానం ఉండొచ్చు.

చెల్లె దగ్గరికి వెళ్లాక ‘దేవుడు నాతో మాట్లాడాడు’ అని మొదలుపెట్టకండి, ఆ మాటకు ఎవరూ ఎదురు చెప్పలేరు. అంకెతో మొదలుపెట్టండి: ‘62 లక్షలకు అమ్మిన, నీకు 20 అని అబద్ధం చెప్పిన. నీకు ఇంకా 23 ఇవ్వాలె.’ అమ్మిన కాగితాలు, ఆసుపత్రి బిల్లులు తన ముందు పెట్టండి. క్షమించమని ఆ రోజే అడగొద్దు. తను తిట్టినా, ఏడ్చినా, తలుపేసుకున్నా ‘నేను మారి వస్తే ఇదేంది’ అని నొచ్చుకోకండి.

చర్చిలో రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభువు బల్లకు దూరంగా ఉండాలా అన్న భయం కూడా మీకు ఉండొచ్చు. 1 కొరింథీ 11:28లో ప్రతివాడూ తన్ను తాను పరీక్షించుకుని అప్పుడు తినాలని ఉంది. పరీక్షించుకుని దూరంగా ఉండిపోవాలని కాదు. మీ అయ్యగారిని విడిగా కలిసి విషయం మొత్తం చెప్పి, ఆయన మాట వినండి. ఈస్టర్‌లోపు డబ్బంతా కట్టలేకపోవచ్చు, అదేమీ గడువు కాదు. నిజం చెప్పడానికి మాత్రం అంత టైమ్ అక్కర్లేదు. చెల్లెతో మాట్లాడాక కూడా నిద్ర పట్టకపోతే, గుండె బరువు తగ్గకపోతే డాక్టర్‌కు చూపించుకోండి. అప్పటిదాకా ఉపవాసం పేరుతో నీళ్లు, మందులు మానొద్దు.

వెళ్లేముందు ఫోన్ చేసి, భూమి విషయం మాట్లాడాలని చెప్పండి. భర్తను కూర్చోబెట్టుకోవాలో వద్దో తనే నిర్ణయించుకుంటుంది. వాళ్లింట్లో ఎవరైనా పదో తరగతి పరీక్షలు రాస్తుంటే అవి అయ్యాకే వెళ్లండి. మొదటి విడత బ్యాంకు ద్వారా పంపించండి, మిగతాదానికి తేదీలు వేసి వకీలు దగ్గర ఒప్పంద పత్రం రాయించండి. ఈసారి సంతకం పెట్టేముందు తను చదివేదాకా ఆగండి.