హిప్నాసిస్‌లో గుర్తొచ్చిన క్షుద్రపూజలు: కేసు నిలుస్తుందా?

ప్రశ్న: నాకు 33 ఏళ్ళు, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. నిద్ర పట్టక, గుండెదడతో ఒక హిప్నోథెరపిస్టు దగ్గర పదకొండు సిట్టింగులు చేయించుకున్నాను. ఏడో సిట్టింగు నుంచి చిన్నప్పటి సంగతులు బయటపడ్డాయి. 2000 వేసవి సెలవుల్లో, పల్నాడులోని మా అమ్మమ్మగారి ఊళ్ళో, నాకు మామయ్య వరసయ్యే ఒకాయన, మరికొందరు కలిసి అమావాస్య రాత్రుళ్ళు క్షుద్రపూజలు చేస్తూ నన్ను హింసించారు. నల్లటి పొడుగు అంగీలు, నేల మీద తలకిందుల నక్షత్రం, ఒక పసిబిడ్డ బలి, అన్నీ కళ్ళ ముందు కనిపిస్తున్నాయి. మోటారు షెడ్డులో ఆయన చేసిన పాడుపని మాత్రం నేనెప్పుడూ మరిచిపోలేదు. ఆ రాత్రే మా పెద్దమ్మ కూతురికి చెప్పాను. ఇంటర్‌లో ఉండగా డైరీలోనూ రాసుకున్నాను. అమెరికాలో ఇలాంటివి వేలల్లో జరిగాయని థెరపిస్టు కాగితాలు ఇచ్చారు. అమ్మ నమ్మడం లేదు. పోక్సో కేసు పెట్టొచ్చా? ఇన్నేళ్ళయ్యాక చెల్లుతుందా? హిప్నాసిస్ సంగతి పోలీసులకు చెప్పొద్దని తెలిసినవాళ్ళు అంటున్నారు. ఇంకో రెండు సిట్టింగులు వీడియో తీస్తే మిగతావాళ్ళ పేర్లు కూడా వస్తాయని థెరపిస్టు అంటున్నారు. మీరైనా నన్ను నమ్ముతారా? (పద్నాలుగు పేజీల ఉత్తరాన్ని కుదించాం.)

జవాబు: నమ్మకం సంగతి పక్కన పెట్టండి, కోర్టు అడిగేది అది కాదు. మొదటి సిట్టింగుకు ముందే మీకు గుర్తున్నది ఏది, ఆ తర్వాత గుర్తొచ్చింది ఏది? మీ కేసు నిలిచినా పడిపోయినా ఈ ఒక్క గీత దగ్గరే. పద్నాలుగు పేజీల్లో గీతకు ఇవతల ఉన్నవి మూడే వాక్యాలు: మోటారు షెడ్డు, ఆ రాత్రే అక్కకు చెప్పడం, ఇంటర్ డైరీ. వాటిని తొమ్మిదో పేజీ అడుగున, మధ్యలో మాటగా రాసి వదిలేశారు. మీకు కేసంటూ ఉంటే అది అక్కడే ఉంది.

ముందు కాలదోషం, అంటే కేసు పెట్టే గడువు దాటిందా అన్న సంగతి చూద్దాం. పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో మీకు వర్తించదు. అది 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చింది. రాజ్యాంగంలోని 20(1) అధికరణం ప్రకారం, నేరం జరిగిన నాటికి ఏ చట్టం ఉంటే ఆ చట్టం కిందే శిక్ష. ఏ వయసులోనైనా ఫిర్యాదు చేయవచ్చని కేంద్రం చెప్పినట్టు 2018 నాటి వార్త ఒకటి జత చేశారు. అది పోక్సో కిందికి వచ్చే నేరాల మాట. 2000లో జరిగినదాన్ని అది పోక్సోలోకి లాక్కురాదు. 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా అంతే. మీకు వర్తించేది పాత ఐపీసీ, అందులోనూ 2000 నాటికి ఉన్న రూపం.

మీకు దారి తెరిచేది ఇక్కడే ఉంది. స్త్రీ మర్యాదకు భంగం కలిగించేలా చెయ్యి వేస్తే 354వ సెక్షను. అప్పట్లో కేంద్ర చట్టం ప్రకారం దానికి గరిష్ఠ శిక్ష రెండేళ్ళు. మూడేళ్ళకు మించని శిక్ష ఉన్న నేరాన్ని మూడేళ్ళ లోపే కోర్టు విచారణకు తీసుకోవాలని నేర విచారణ పద్ధతి చట్టమైన సీఆర్‌పీసీలోని 468వ సెక్షను చెబుతుంది. దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అదే 514. అయితే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1991లోనే, ఆ ఏటి 6వ నంబరు చట్టంతో, 354ను సవరించుకుంది. మామూలుగా కనీసం ఐదేళ్ళు, గరిష్ఠంగా ఏడేళ్ళు. మూడేళ్ళు దాటిన శిక్ష ఉన్న నేరానికి 468లో గడువే లేదు. అదే షెడ్డు సరిహద్దుకు అవతల బళ్ళారిలో ఉండి ఉంటే మీ కేసు 2003 వేసవితో ముగిసిపోయేది. పల్నాడులో ఉంది కాబట్టి బతికి ఉంది. 2013లో కేంద్రం 354 శిక్షను ఏడాది నుంచి ఐదేళ్ళుగా మార్చింది కదా, తగ్గిన శిక్షే వర్తించాలని అవతలి వకీలు వాదించవచ్చు. వాదించనివ్వండి. ఐదేళ్ళయినా మూడు కంటే ఎక్కువే. ఎనిమిదేళ్ళ పిల్లకు ఈ సెక్షను వర్తించదనే వాదననూ పట్టించుకోనక్కర్లేదు. మేజర్ సింగ్ కేసులో, 1966లోనే, ఏడున్నర నెలల పసిపాప విషయంలో సుప్రీంకోర్టు దాన్ని తేల్చేసింది.

"పాడుపని" అని రాసి వదిలేస్తే మాత్రం చాలదు. 2013 ఫిబ్రవరి 3కు ముందు అత్యాచారానికి నిర్వచనం చాలా ఇరుకుగా ఉండేది. జరిగింది దానిలోకి వస్తే 376, దానికీ కాలదోషం లేదు. దానిలోకి రాకపోతే 354. ఏది వర్తిస్తుందో తేలాలంటే ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు మీ వకీలుకు చెప్పాలి. సిగ్గుపడి మాట నమిలితే సెక్షను మారిపోతుంది.

నష్టపరిహారం కోసం సివిల్ దావా దారి మూసుకుపోయింది. మైనరుకు మేజరయ్యాక మూడేళ్ళు ఇస్తారు, మీకు అది 2013లోనే దాటింది. జ్ఞాపకం ఇప్పుడే వచ్చింది కాబట్టి ఇప్పటి నుంచి లెక్కించండి అంటే మన లిమిటేషన్ చట్టంలో దానికి చోటు లేదు.

ఇక సాక్ష్యం. పాతికేళ్ళ ఆలస్యం ఉన్న కేసులో అన్నిటికంటే విలువైనది అప్పుడే మరొకరికి చెప్పిన మాట. రామేశ్వర్ వర్సెస్ రాజస్థాన్ కేసులో సుప్రీంకోర్టు 1951లో పరిశీలించింది సరిగ్గా ఇదే: ఎనిమిదేళ్ళ పిల్ల, కొద్ది గంటల తర్వాత తల్లికి చెప్పిన మాట. ఘటన జరిగిన సమయానికి దగ్గరగా చెప్పినది కాబట్టి పిల్ల సాక్ష్యానికి అది బలం చేకూర్చవచ్చని కోర్టు అంది. అప్పట్లో అది ఎవిడెన్సు చట్టం 157, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 160. మీ అక్క స్థానం అదే. అందుకే ఆవిడకు ఫోన్ చేసి "నీకు గుర్తుందా, నేను అలా అన్నాను కదా" అని అందించకండి. ఇప్పటికే మాట్లాడి ఉంటే ఏ రోజు, ఏం మాట్లాడారో రాసి ఉంచండి. ఇకమీదట ఆవిడ పేరు, నంబరు పోలీసులకు ఇవ్వడం వరకే మీ పని. ఆవిడ తన మాటల్లో తను చెబితేనే విలువ.

డైరీ సంగతి చదివి కోపం వచ్చింది. 2008 నాటి ఎల్‌ఐసీ డైరీలో నీలి సిరాతో నాలుగు పంక్తులు ఉన్నాయి. సిట్టింగుల తర్వాత, ఆ పంక్తుల పక్కనే, ఎర్ర సిరాతో నక్షత్రం బొమ్మ వేసి "ఇదే ఆ రాత్రి" అని రాశారట. మీ చేతిలోని ఒకే ఒక్క పాత కాగితం మీద ఎందుకమ్మా ఈ పని? నీలి పంక్తులు కూడా నిన్నగాక మొన్న రాసినవే అనడానికి అవతలివాళ్ళకు మీరే తాడు అందించారు. ఇప్పుడు ఆ ఎర్ర రాతను చెరపకండి, దిద్దకండి, పేజీ చించకండి. డైరీని అలాగే ఒక కవర్లో పెట్టి అతికించి, మీద తేదీ వేసి సంతకం చేయండి. ఎర్ర రాత ఏ నెలలో, ఎందుకు రాశారో విడిగా ఒక కాగితం మీద రాసి, ఫిర్యాదులో మీరే ముందుగా చెప్పండి. చేతిరాతను మీ అప్పటి కాలేజీ నోట్సుతో ఫోరెన్సిక్ ల్యాబు (ఎఫ్‌ఎస్‌ఎల్) నిపుణులు పోల్చగలరు. రెండు సిరాలూ వేరని చూపగలరు. ఇంటర్ నోట్‌బుక్కులు, రికార్డులు ఏవైనా ఇంట్లో ఉంటే తీసి భద్రపరచండి.

మీరు అడిగిన అమెరికా సంగతికి వస్తాను, ఎందుకంటే థెరపిస్టు ఇచ్చిన కాగితాలు సగం కథే చెబుతున్నాయి. 1980లో కెనడాలో ఒక సైకియాట్రిస్టు, ఆయన పేషెంటు కలిసి, థెరపీలో గుర్తొచ్చిన సైతాను పూజల గురించి పుస్తకం వేశారు. ఆ తర్వాతే అమెరికా అంతటా ఇలాంటి ఆరోపణలు వెల్లువెత్తాయి. కాలిఫోర్నియా మాన్‌హాటన్ బీచ్‌లోని మెక్‌మార్టిన్ ప్రీస్కూల్ కేసు 1983లో మొదలైంది. స్కూలు కింద సొరంగాలున్నాయని, జంతువులను చంపారని పిల్లలు చెప్పారు. ఏడుగురి మీద అభియోగాలు మోపారు. దాదాపు కోటిన్నర డాలర్లు ఖర్చయ్యాక, 1990లో, ఒక్కరికీ శిక్ష పడకుండా కేసు ముగిసింది. పిల్లలను ప్రశ్నించిన టేపులు చూశాక, ఏది పిల్లల మాటో ఏది అడిగినవాళ్ళు అందించిన మాటో తేల్చుకోలేకపోయామని జ్యూరర్లు అన్నారు. మీ కేసుకు పాఠం ఆ మాటలోనే ఉంది. ఆ టేపుల వెనక నిజంగా దెబ్బతిన్న పిల్ల ఒక్కతి ఉన్నా, ఆమెకూ న్యాయం జరగలేదు.

ఎఫ్‌బీఐలో ఈ ఆరోపణలను ఏళ్ళ తరబడి పరిశీలించిన కెన్నెత్ లానింగ్ 1992లో నివేదిక ఇచ్చారు. వ్యవస్థీకృత సైతాను ముఠాలు నరబలులు ఇస్తున్నాయనడానికి ఆధారం దొరకలేదని అందులో తేల్చారు. ఇంగ్లండులో ప్రభుత్వం కోరగా జీన్ లా ఫాంటెయిన్ 84 కేసులు తిరగేసి 1994లో నివేదిక ఇచ్చారు. పూజల్లాంటి తంతుకు ఆధారం దొరికినవి మూడే. ఆ మూడింటిలోనూ తంతు అన్నది పిల్లలను భయపెట్టి లొంగదీసుకోవడానికి వాడిన ఎత్తు, అసలు నేరం లైంగిక హింస. అంటే పిల్లలను పాడుచేసేవాళ్ళు లేరని కాదు. నక్షత్రాలు, అంగీల వెంట పరుగెత్తితే అసలువాడు చేజారతాడని.

మీ కథలోని నక్షత్రం, నల్ల అంగీలు థెరపిస్టు ఇచ్చిన కాగితాల్లోనూ ఉన్నాయి. పల్నాడు పల్లెలో క్షుద్రపూజ అంటే ముగ్గు, నిమ్మకాయలు, పసుపు కుంకుమలు. తలకిందుల నక్షత్రం ఆ ఊళ్ళోకి 2000లో ఎలా వచ్చింది, అంగీలు ఎవరు కుట్టారు అని క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి వకీలు అడుగుతారు. ఏం చెబుతారు? పసిబిడ్డ బలి అంటే పోలీసులు మొదట అడిగేది ఎవరి బిడ్డ అని. 2018లో ఉప్పల్ చిలకానగర్‌లో డాబా మీద పసికందు తల దొరికినప్పుడు దర్యాప్తు రక్తపు మరకల మీదా, డీఎన్ఏ మీదా నడిచింది. అలాంటిది ఒక్కటీ లేకుండా హత్యారోపణ చేస్తే, దాంతోపాటు మోటారు షెడ్డు కూడా కొట్టుకుపోతుంది. మీరు అబద్ధమాడుతున్నారని నేను అనడం లేదు. హిప్నాసిస్‌లో వచ్చిన దృశ్యం నిజమైన జ్ఞాపకమంత స్పష్టంగానే ఉంటుంది. ఏది ఏదో మీకూ తెలియదు, జడ్జికీ తెలియదు.

హిప్నాసిస్ సంగతి దాచడమంటే కేసును చేజేతులా చంపుకోవడమే, ఆ పని మాత్రం చేయకండి. పదకొండు సిట్టింగులకు ఫోన్‌పేలో డబ్బు పంపారు, వాట్సాప్‌లో అపాయింట్‌మెంట్లు తీసుకున్నారు, ఫ్యామిలీ గ్రూపులో ఏడో సిట్టింగు గురించి మీరే పెట్టారు. బోనులో "లేదు" అన్న మరుక్షణం ఇవన్నీ ముందుకొస్తాయి. ఆ తర్వాత మీరు చెప్పే నిజాన్నీ ఎవరూ వినరు. కాలిఫోర్నియాలో దీనికి ప్రత్యేకంగా ఒక నిబంధనే ఉంది. ఎవిడెన్స్ కోడ్ 795 ప్రకారం, హిప్నాసిస్‌కు గురైన సాక్షి అంతకుముందే గుర్తుండి, చెప్పి, రాతలోనో టేపులోనో భద్రమైన విషయాల మేరకే సాక్ష్యం ఇవ్వగలరు. మన కోర్టులకు అది కట్టుబాటు కాదు, కానీ తర్కం అదే. 2008 డైరీలోని నీలి పంక్తులు ఈ పరీక్షకు కూడా నిలుస్తాయి.

ఇంకో సిట్టింగు అసలే వద్దు. వీడియో తీస్తే అది అవతలివాళ్ళకే సాక్ష్యం. నార్కో పరీక్ష చేయించుకుంటానని కూడా రాశారు. 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: ఇష్టపడి చేయించుకున్నా ఆ పరీక్ష ఫలితం దానంతటదే సాక్ష్యం కాదు. దాని సాయంతో తర్వాత కొత్తగా దొరికిన వస్తువో సమాచారమో ఉంటేనే విలువ. నిద్ర, గుండెదడలకు వైద్యం మానొద్దు. రిజిస్టరైన సైకియాట్రిస్టునో, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టునో కలవండి. పాత థెరపిస్టు దగ్గర ఉన్న నోట్సు, రికార్డింగుల నకళ్ళు రాతపూర్వకంగా అడగండి. సేవాలోపం అనిపిస్తే వినియోగదారుల కమిషనుకు వెళ్ళడానికి రెండేళ్ళ గడువు ఉంది. ఆ గడియారం మాత్రం ఇప్పుడే నడుస్తోంది.

ఫ్యామిలీ గ్రూపులో "మంత్రగాడు" అని పెట్టిన పోస్టు తీసేయండి, కానీ ముందు స్క్రీన్‌షాటు ఉంచుకోండి. పరువునష్టం కేసు ఒక్కటే కాదు నా భయం. చేతబడి చేశారన్న అనుమానంతో మన పల్లెల్లో మనుషులను చెట్టుకు కట్టి పళ్ళు రాలగొట్టారు, ప్రాణాలు తీశారు. మీరు పేర్లు రాసిన మిగతా నలుగురి గురించి మీకు సిట్టింగులకు ముందు ఒక్క ముక్క కూడా తెలియదు. ఆ మాట ఊళ్ళోకి చేరకముందే ఆపండి.

ఫిర్యాదు మీకు దగ్గర్లోని స్టేషన్లోనే ఇవ్వవచ్చు. జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి ఆ ఊరి స్టేషనుకు పంపుతారు. మీ వాంగ్మూలం మహిళా అధికారి తీసుకోవాలని అడగండి. ఆలస్యం ఎక్కువ కాబట్టి ముందు ప్రాథమిక విచారణ జరపవచ్చు. లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు తీర్పు అందుకు వీలిచ్చింది, దాన్ని అవమానంగా తీసుకోకండి. అసలే తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి, ఆ రసీదుతో, అఫిడవిట్ జతచేసి, మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళవచ్చు. ఎఫ్‌ఐఆర్ అయ్యాక మేజిస్ట్రేటు ముందు మీ వాంగ్మూలం ఉంటుంది. అక్కడా అదే మాట, అంతే మాట.

ఫిర్యాదు రెండు పేజీలు దాటకూడదు. ఏ వేసవి, ఏ షెడ్డు, ఆయన ఏం చేశాడు, ఎవరికి చెప్పారు, డైరీ ఎక్కడుంది, ఇన్నాళ్ళూ ఎందుకు మాట్లాడలేదు, హిప్నాసిస్ ఎప్పుడు మొదలైంది. మూడో పేజీకి వెళ్ళారంటే వెనక్కి వచ్చి చదవండి, ఏడో సిట్టింగు తర్వాత గుర్తొచ్చిన వాక్యం ఏదో దొర్లి ఉంటుంది. దాన్ని కొట్టేసి, శుభ్రంగా తిరగరాసి, అప్పుడు సంతకం పెట్టండి.