అసీల్ కోళ్లలో మెడ తిరుగుడు: లాసోటా టీకా వేశాం కదా అని ధీమా వద్దు

ప్రశ్న: మామిడి తోటలో 150 అసీల్ కోళ్లు పెంచుతున్నాను. అందులో గుడ్లు పెట్టే పెట్టలు 40, పుంజులు 8. మిగతావి ఇంక్యుబేటర్‌లో మేమే తీయించిన ఐదు నెలల పిల్లలు. తొమ్మిది రోజుల్లో 22 చనిపోయాయి. మేత మానేసి, రెక్కలు వాల్చి కునుకుతున్నాయి, గురక పెడుతున్నాయి. రెట్ట ఆకుపచ్చగా, తెల్లగా నీళ్లలా పడుతోంది. రెండింటికి మెడ తిరిగిపోయింది. పిల్లలకు ఏడో రోజున నీళ్లలో లాసోటా (కొక్కెర తెగులు టీకా) ఇచ్చాను కాబట్టి కొక్కెర కాదనుకుంటున్నాను. మందుల షాపతను సీఆర్‌డీ (దీర్ఘకాలిక శ్వాసకోశ జబ్బు) అని చెప్పి ఎన్‌రోఫ్లాక్సాసిన్, లివర్ టానిక్ ఇచ్చాడు. ఐదు రోజులు వాడినా తగ్గలేదు. చనిపోయిన కోడిని కోసి తీసిన ఫోటో పంపుతున్నాను. ఇంకే యాంటీబయాటిక్ వాడాలి? ఇంకో సంగతి, అసీల్ అని చెప్పినా వ్యాపారులు సోనాలి (సంకర జాతి కోడి) ధరే ఇస్తామంటున్నారు. వచ్చే సంక్రాంతికి పుంజులు తయారు చేస్తే గిట్టుబాటవుతుందా?
– ఒక రైతు, చింతలపూడి మండలం, ఏలూరు జిల్లా

జవాబు: ఏ యాంటీబయాటిక్కూ వాడకండి. ఇది సీఆర్‌డీ కాదు. మీరు చెప్పిన లక్షణాలన్నీ కొక్కెర తెగులు (రాణిఖేత్ అనే వైరస్ రోగం) వైపే చూపిస్తున్నాయి. సీఆర్‌డీలో గురక, ముక్కు కారడం ఉంటాయి గానీ మెడ తిరగదు, తొమ్మిది రోజుల్లో 22 కోళ్లు పోవు. మీరు పంపిన ఫోటోలో కందనకాయకు పైన ఉన్న చిన్న సంచిని చీల్చి పెట్టారు. దాని లోపలి గోడ మీద గ్రంథుల మొనల దగ్గర గుండుసూది తలంత ఎర్రటి చుక్కలు వరుసగా కనిపిస్తున్నాయి. కొక్కెరలో మేం మొదట వెతికేది వాటినే. అయినా ఫోటో చూసి ముద్ర వేయలేం. అవే చుక్కలు బర్డ్ ఫ్లూలోనూ రావచ్చు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి వేల కోళ్లను పూడ్చిన సంగతి మీకు తెలిసిందే. అందుకే ఈ రోజే మీ మండల పశువైద్యాధికారికి గానీ 1962 నంబరుకు గానీ ఫోన్ చేయండి. శాంపిళ్లు వాళ్లే తీసి ల్యాబుకు పంపుతారు. చనిపోయిన కోడిని మీరే సంచిలో వేసుకుని బస్సెక్కొద్దు. ఇంట్లో కోడిని కోయడం కూడా ఇదే ఆఖరు కావాలి. ఆ రక్తం, ఆ పేగులు పడిన చోటల్లా రోగాన్ని పరిచినట్టే, మీ ఆరోగ్యానికీ ప్రమాదమే.

ఇక లాసోటా వేశాను కదా అన్న మాట. మీతో ఫోన్లో మాట్లాడాక అసలు సంగతి అర్థమైంది. వ్యాక్సిన్ సీసాను షాపు నుంచి ఐసు లేకుండా క్యారీబ్యాగులో, మోటారు సైకిలు మీద ఎండలో తెచ్చారు. పంచాయతీ కుళాయి నీళ్లలో కలిపారు. లాసోటా అంటే బతికి ఉన్న వైరస్. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచకపోతే చచ్చిపోతుంది. ఆ ప్రయాణంలో ఏమైనా మిగిలి ఉంటే కుళాయి నీళ్లలోని క్లోరిన్ చంపేసి ఉంటుంది. మీ కోడిపిల్లలు తాగింది ఉత్త నీళ్లు. సరిగ్గా వేసినా సరే, ఏడో రోజున వేసిన ఒక్క లాసోటా ఐదు నెలల వయసు దాకా కాపాడదు. ఆ బలం రెండు మూడు నెలల్లో తగ్గిపోతుంది. 28వ రోజు బూస్టరు వేయలేదు, ఎనిమిది వారాలకు ఆర్2బి (ఎదిగిన కోళ్లకు వేసే కొక్కెర టీకా) వేయలేదు. పెద్ద పెట్టలకైతే అసలు ఏ టీకా వేశారో మీకే గుర్తు లేదు. నాటు కోడికి రోగాలు రావన్న నమ్మకం మన పల్లెల్లో గట్టిగా ఉంది. ఎండకు, పేలకు, పస్తుకు అసీల్ బాగా ఓర్చుకుంటుంది. కొక్కెర ముందు మాత్రం అసీలైనా బ్రాయిలరైనా ఒకటే.

రోగం ఎక్కడినుంచి వచ్చిందో కూడా ఆ ఫోన్లోనే బయటపడింది. పండగయ్యాక సంతలో చవగ్గా వస్తున్నాయని ఆరు పుంజులు కొని, ఆ సాయంత్రమే మందలో కలిపారు. ఏడో రోజున మొదటి చావు. కొక్కెర బయటపడటానికి సాధారణంగా ఐదారు రోజులు పడుతుంది, ఒక్కోసారి 15 రోజులూ పట్టొచ్చు. సంక్రాంతి ముగిశాక బరిలో దిగని పుంజులు, ఊరూరూ తిరిగొచ్చినవి, అన్నీ సంతకు చేరతాయి. ఏ ఊరి రోగం ఏ పుంజులో ఉందో ఎవరికి తెలుసు? కొత్త కోడి ఏదైనా 21 రోజులు మందకు దూరంగా, వేరే గిన్నెలు, వేరే చెప్పులతో ఉండాల్సిందే.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. జబ్బు కోళ్లను వెంటనే వేరు చేయండి. మేత, నీళ్లు ముందు బాగున్నవాటికి పెట్టి, చివర్లో జబ్బువాటి దగ్గరకు వెళ్లండి. మళ్లీ వెనక్కి రాకండి. చచ్చినవాటిని కాలువలో పడేయొద్దు. నాలుగైదు అడుగుల గొయ్యి తీసి, కిందా పైనా సున్నం చల్లి పూడ్చండి. కొక్కెరకు మందు లేదు. నీళ్లలో విటమిన్లు, ఎలక్ట్రోలైట్ పొడి ఇస్తే తేరుకునేవి కొన్ని తేరుకుంటాయి. మెడ తిరిగినవి బతికినా అలాగే ఉండిపోవచ్చు. శాంపిళ్లు తీశాక, బర్డ్ ఫ్లూ కాదని తేలి డాక్టరు సరేనంటే, చురుగ్గా ఉన్న ప్రతి కోడికీ కంట్లో ఒక చుక్క లాసోటా వేయించండి. అప్పటికే రోగం పట్టినవి కొన్ని టీకా వేసినా పోతాయి, దానికి టీకాను తిట్టుకోకండి.

చావులు పూర్తిగా ఆగాక షెడ్డులో నేల మీద పరిచిన పాత పొట్టునంతా తీసి కాల్చేయండి. లీటరు నీటికి 20 గ్రాముల కాస్టిక్ సోడా కలిపి నేల కడగండి. చేతికి తొడుగులు, కాళ్లకు బూట్లు లేకుండా ఆ నీళ్లు ముట్టొద్దు, చర్మం కాలుతుంది. గోడలకు సున్నం కొట్టించండి. ఆఖరి చావు నుంచి మూడు వారాలు గడిచాక మిగిలిన మందకు ఆర్2బి వేయించాలి. అంతకు వారం ముందు నట్టల (కడుపులోని పురుగుల) మందు పట్టించండి. 2.5 శాతం ఆల్బెండజోల్ ద్రావణమైతే కిలో బరువుకు 0.4 మిల్లీలీటరు. నట్టలున్న కోడికి టీకా సరిగ్గా పట్టదు. ఆర్2బి 200 డోసుల సీసాను 100 మిల్లీలీటర్ల చల్లటి సెలైన్‌లో కలిపి, కోడికి అర మిల్లీలీటరు చొప్పున రెక్క దగ్గర చర్మం కిందికి సూదితో ఇవ్వాలి. కలిపిన మందు రెండు గంటల్లో అయిపోవాలి, మిగిలితే పారేయాలి. తెల్లవారుజామునే పెట్టుకోండి. ఒకటి రెండు రోజులు కోళ్లు మందకొడిగా ఉంటాయి, పెట్టలు గుడ్లు తగ్గిస్తాయి, కంగారు పడొద్దు. ముందు లాసోటా పడని కోడికి నేరుగా ఆర్2బి వేయించొద్దు, కాళ్లు పడిపోయే ప్రమాదముంది.

ఇక ముందు తీసే పిల్లలకు ఈ తేదీలు గోడ మీద రాసుకోండి. 5 నుంచి 7 రోజుల మధ్య కంట్లో లాసోటా చుక్క. 14వ రోజు గంబోరో (పిల్లలకు వచ్చే ఇంకో వైరస్ రోగం) టీకా చుక్క. 28వ రోజు మళ్లీ లాసోటా, ఇది నీళ్లలో ఇవ్వొచ్చు. కాకపోతే బావి నీళ్లో, బోరు నీళ్లో వాడాలి, లీటరుకు 5 గ్రాముల వెన్నతీసిన పాలపొడి కలపాలి. అంతకు ముందు రెండు గంటలు నీళ్లు ఆపి, దాహం మీద రెండు గంటల్లో తాగేలా చూడాలి. ఆరో వారంలో మశూచి టీకా. ఎనిమిది నుంచి పది వారాల మధ్య ఆర్2బి, ఆ తర్వాత ఆరు నెలలకోసారి. కోడికి ఒకటి రెండు రూపాయల ఖర్చు. సీసా పెద్దది, మా కోళ్లు తక్కువ అని చాలామంది వదిలేస్తారు. చుట్టుపక్కల పెరటి కోళ్లున్న వాళ్లను కలుపుకుని ఒకే ఉదయం ఊరంతా వేయించండి. పక్కింటి కోడికి టీకా లేకపోతే మీ కోడికి ముప్పే. సీసాను పశువైద్యశాల నుంచి గానీ ఫ్రిజ్ ఉన్న షాపు నుంచి గానీ ఐసు నింపిన థర్మాస్‌లో తెచ్చుకోండి.

మందుల షాపతని సలహా గురించి కూడా చెప్పాలి. వైరస్ రోగానికి ఐదు రోజులు ఎన్‌రోఫ్లాక్సాసిన్ పోయించాడు. మీ డబ్బు పోయింది, అంతకంటే విలువైన ఐదు రోజులు పోయాయి. ఆ ఐదు రోజుల్లో జబ్బు కోళ్లను వేరు చేసి ఉంటే నష్టం చాలా తగ్గేది. గురక వినపడగానే సీఆర్‌డీ, రెట్ట పలచబడగానే ఇన్ఫెక్షన్ అని సీసా చేతిలో పెట్టడం మందులమ్ముకునే పద్ధతి, వైద్యం కాదు. ఇంట్లో మిగిలిన పొట్లాల మీద కోలిస్టిన్ అని ఉందేమో చూడండి. మాంసం, గుడ్ల కోసం పెంచే జంతువుల్లో దాని వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం 2019లోనే నిషేధించింది. మనుషులకు ఏ మందూ పనిచేయనప్పుడు ఆఖరుగా ఇచ్చే మందు అది. ఎన్‌రోఫ్లాక్సాసిన్ ఆపాక కనీసం పది రోజులు మాంసానికి ఒక్క కోడిని కూడా అమ్మొద్దు, ఆ గుడ్లు తినొద్దు. ఎలాగూ పోతున్నాయి కదా అని జబ్బు కోళ్లను సగం ధరకు వదిలించుకునేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. మీకు సంతలో జరిగిందే ఇంకో రైతుకు జరుగుతుంది.

అమ్మకం సంగతికొస్తే, సంక్రాంతి పందేల మీద లెక్క వేసుకోవద్దు. కోడిపందేలు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద, రాష్ట్ర గేమింగ్ చట్టం కింద నేరం. దానికి నేను సలహా చెప్పను.

మాంసానికైనా సోనాలి ధరకు అసీల్ గిట్టదు, మీరన్నది నిజం. లెక్క చూడండి. సగటున రోజుకు 60 గ్రాముల మేత చొప్పున 150 రోజులకు 9 కిలోలు. తోటలో తిరిగి మూడో వంతు అదే ఏరుకున్నా 6 కిలోలు మీరు కొనాలి. అంతా తిని ఐదు నెలలకు కిలోన్నర, మహా అయితే రెండు కిలోలు తూగుతుంది. సోనాలి దాదాపు సగం కాలంలోనే అమ్మకానికి వస్తుంది. వ్యాపారి చేతికి కిలో లెక్కన ఇచ్చినంత కాలం మీరు ఓడిపోతారు. మీ దగ్గర ఉన్న విలువ మాంసంలో లేదు, విత్తనంలో ఉంది. అసీల్ పెట్ట ఏడాదికి 60, 70 గుడ్లకు మించి పెట్టదు. అందుకే మేలైన జాతి పిల్లలు దొరకడం కష్టం. నెల రోజుల వయసుకు రెండు లాసోటాలు, గంబోరో పడిన పిల్లలను, టీకాల తేదీలు రాసిన కాగితంతో సహా అమ్మండి. డేగ, కాకి, నెమలి అని రంగు పేరు పెట్టి అడిగే గోదావరి జిల్లాల వాళ్లు జాతి శుద్ధికి ధర పెడతారు. వాళ్లకు తల్లిదండ్రులను చూపించగలగాలి. కాబట్టి తోటలోకి సోనాలిని, వనరాజాను రానివ్వకండి. అవి మంచి కోళ్లే, కానీ ఒక్క కలయికతో మీ మంద పేరు పోతుంది.

40 పెట్టలకు ఐదు పుంజులు చాలు, ఇంకొకటి అదనంగా ఉంచుకోండి. పిల్లల్లో మూడు నెలలకే పుంజులను విడదీయకపోతే పొడుచుకుని చస్తాయి. మిగులు పుంజులను ఉగాది, దసరా, జాతరల ముందు నేరుగా ఇళ్లకే అమ్ముకోండి. మేనరికం రాకుండా రక్తం మార్చాలి, నిజమే. అందుకు సంతలో పుంజు కొనక్కర్లేదు. సంబంధం లేని మంద నుంచి పొదిగే గుడ్లు తెచ్చి మీ పెట్టల కిందే పెట్టించండి. కోడితో పాటు వచ్చే రోగాల్లో చాలా వరకు గుడ్డుతో రావు. ఇదంతా మూడు వారాల శుభ్రత, ఆర్2బి అయ్యాకే మొదలుపెట్టండి. అప్పటిదాకా గేటు దాటి ఒక్క పిల్ల కూడా బయటికి పోకూడదు. ల్యాబు రిపోర్టు రాగానే పంపండి. అందులో కొక్కెర కాకుండా ఇంకేదైనా తేలితే పైన చెప్పిన టీకాల వరుస ఆపి నాకు ఫోన్ చేయండి.