అంబాసిడర్ కటౌట్ పక్కన నాలుగు వారాంతాలు

"వన్యప్రాణి సంస్థలు సినిమావాళ్లని, క్రికెటర్లని అంబాసిడర్లుగా పెట్టుకుంటాయి కదా, దానివల్ల ఏమైనా ఒరుగుతుందా, ఫొటోల కోసమేనా?" అని అడిగారు. ఒరగనిదీ చూశాను, ఒరిగిందీ చూశాను కాబట్టి రాస్తున్నాను.

కొన్నేళ్ల క్రితం ఓ సంస్థకి (పేరెందుకులెండి) వాలంటీర్‌గా హైదరాబాద్‌లో ఒక మాల్‌లో నాలుగు వారాంతాలు నిలబడ్డాను. వచ్చేపోయేవాళ్లని ఆపి, నెలనెలా విరాళం ఇచ్చే ఫారం నింపించడం మా పని. తోడుగా ఒక పెద్ద హీరో నిలువెత్తు కటౌట్ పంపారు. మొదటిరోజు స్టాల్ చుట్టూ జనాన్ని చూసి పొంగిపోయాం. రాత్రి లెక్క చూసుకుంటే సెల్ఫీలు లెక్కలేనన్ని, ఫారాలు మూడు. అందరూ భుజం మీద చెయ్యేసి ఫొటోలు దిగేసరికి అక్కడ అట్ట మెత్తబడి హీరోగారు ఓ పక్కకి వాలిపోయారు. వెనక చీపురుకర్ర కట్టి, టేపు చుట్టి నిలబెట్టాం.

ఓ పదేళ్ల పిల్లాడు కటౌట్‌ని పైనుంచి కిందదాకా చూసి, "అక్కా, ఈయన అడవిలో పులిని చూశాడా?" అన్నాడు. నాకేం తెలుసు? ట్రైనింగ్‌లో ఆయన గురించి ఒక్క ముక్క చెప్పలేదు. నవ్వి ఊరుకున్నాను.

మూడో వారం విసుగొచ్చి కటౌట్‌ని పక్కకి జరిపి, నల్లమలలో కెమెరా ట్రాప్‌కి (జంతువు కదిలితే దానంతటదే ఫొటో తీసే కెమెరా) చిక్కిన పులి ఫొటో ముందు పెట్టాం. సెల్ఫీల జనం తగ్గారు. ఆగినవాళ్లు మాత్రం, "ఇది మనం శ్రీశైలం వెళ్లే దారేనా? రాత్రిళ్లు అక్కడ బండ్లు ఎందుకు ఆపుతారు?" అని అడగడం మొదలుపెట్టారు. ఆ రెండు రోజుల్లో పదకొండు ఫారాలు నిండాయి. పెద్ద సంఖ్యేం కాదు, కానీ తేడా మాకు తెలిసింది.

అలాగని సెలబ్రిటీలు దండగ అనను. చైనాలో బాస్కెట్‌బాల్ ఆటగాడు యావ్ మింగ్ సంగతి చూడండి. ఏడున్నర అడుగుల మనిషి, ఆడింది షాంఘై షార్క్స్ జట్టుకి (షార్క్స్ అంటే సొరచేపలే!). 2006లో వన్యప్రాణుల కోసం పనిచేసే వైల్డ్‌ఎయిడ్ సంస్థ తరఫున నిలబడి, సొరచేప రెక్కల సూప్ ఇక తాగనని చెప్పాడు. అక్కడ పెళ్లి విందుల్లో అది పరువుకి గుర్తు. ఆయన "సముద్రాన్ని కాపాడండి" అని గాల్లో మాట అనలేదు, ఫలానా గిన్నె ముట్టకండి అన్నాడు. తర్వాతి ఏళ్లలో వాడకం బాగా పడిపోయింది. 2012లో ప్రభుత్వ విందుల్లో కూడా ఆపేస్తామని చైనా ప్రకటించింది. దుబారా మీద ప్రభుత్వం కన్నెర్ర చేయడం కూడా కలిసొచ్చింది, క్రెడిట్ అంతా ఆయనదే కాదు. కానీ ఆ పరువు లెక్కని తిరగరాయాలంటే అలాంటి మనిషే చెప్పాలి. నాలాంటిది చెప్తే ఎవరు వింటారు?

మన దగ్గర 2010లో వచ్చిన పులుల ప్రచారం గుర్తుందా? వన్యప్రాణి సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్-ఇండియాతో కలిసి ఎయిర్‌సెల్ అనే మొబైల్ కంపెనీ చేసింది, ధోనీ కూడా ఉన్నాడు. ధోనీ ఏమన్నాడో మా బ్యాచ్‌లో ఒక్కరికీ గుర్తులేదు. 1411 అనే అంకె, అంటే దేశంలో అప్పటికి మిగిలాయన్న పులుల లెక్క, మాత్రం ఇప్పటికీ అందరికీ గుర్తే. 2022 లెక్కల ప్రకారం పులులు దాదాపు 3,682. ఎయిర్‌సెల్లే మూతపడింది పాపం.

ఇక ఎదురు తన్నే అంబాసిడర్లు వేరు. అప్పటి స్పెయిన్ రాజు హువాన్ కార్లోస్ అక్కడి డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌కి గౌరవాధ్యక్షుడిగా ఉండేవాడు. 2012లో బోట్స్‌వానాకి ఏనుగుల వేటకి వెళ్లి తుంటి విరగ్గొట్టుకున్నాడు. విరక్కపోతే విషయం బయటికే వచ్చేది కాదేమో! ఆ జులైలో సభ్యులు ఓటు వేసి ఆ పదవే తీసేశారు. బ్రిటన్ ప్రిన్స్ ఫిలిప్ అయితే 1961 జనవరిలో రాజస్థాన్‌లో పులిని కాల్చాడు, అదే ఏడాది కొత్తగా పుట్టిన డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌కి బ్రిటన్ శాఖ అధ్యక్షుడయ్యాడు. అయితే ఆయన ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆ సంస్థని వదల్లేదు, 1981 నుంచి 1996 దాకా అంతర్జాతీయ అధ్యక్షుడిగా పనిచేశాడు. కాబట్టి ఆయన్ని హువాన్ కార్లోస్‌తో ఒకే గాటన కట్టను.

మన ఊళ్లో నాకు నచ్చింది ఉపాసన కొణిదెల పని. 2020లో నెహ్రూ జూలో రాణి అనే ఏనుగుని ఏడాదికి దత్తత తీసుకుని 5 లక్షలు ఇచ్చారు. ఏ జంతువు, ఎంత డబ్బు, ఎన్నాళ్లు అన్నీ స్పష్టం. జంతువు పోషణ ఖర్చు భరించే ఆ జూ దత్తత పథకంలో మామూలు జనం కూడా చేరొచ్చని చాలామందికి ఆ వార్తతోనే తెలిసింది. మా ఆఫీసులోనూ అంతే, నలుగురం చందాలు వేసుకున్నాం. అందులో ఇద్దరు రామ్‌చరణ్ ఫ్యాన్స్. "వదిన ఏనుగుని తీసుకుంటే మనం పులికి తగ్గకూడదు" అని పట్టుబట్టారు. రేట్లు చూశాక చిలకల దగ్గర ఆగారు.