డోర్ మీద తుప్పు: క్లెయిమ్ చేయాలా, జేబులోంచి పెట్టుకోవాలా?

ప్రశ్న: మాది కాకినాడ. కారు కొని ఐదేళ్లు కావస్తోంది. వానాకాలానికి ముందు గేటు గడియ రాసుకుని ఎడమవైపు వెనక డోర్ మీద జానెడు గీత పడింది. పట్టించుకోలేదు. ఇప్పుడు ఆ గీత పొడవునా తుప్పు కనిపిస్తోంది. సర్వీస్ సెంటర్‌లో డోర్ మొత్తం పెయింట్ వేయడానికి రూ.9,000 అవుతుందన్నారు. ‘ఇన్సూరెన్స్‌లో పెట్టేద్దాం, మీకేం ఖర్చుండదు’ అంటున్నారు. రూ.22,000కు సిరామిక్ కోటింగ్ కూడా నో కాస్ట్ ఈఎంఐ మీద చేయించుకోమంటున్నారు. మా వీధి చివర షెడ్డులో పెయింటర్ రూ.2,500 అడిగాడు. ఇంతవరకు ఒక్క క్లెయిమ్ కూడా చేయలేదు. రెండు నెలల్లో రెన్యువల్ ఉంది. ఏం చేయమంటారు?
– ఒక ఉపాధ్యాయిని

జవాబు: పని షెడ్డు పెయింటర్‌కే ఇవ్వండి, రెన్యువల్ దాకా ఆగకుండా ఈ వారమే. క్లెయిమ్ వద్దు. కోటింగ్ అసలే వద్దు.

‘మీకేం ఖర్చుండదు’ అన్న మాట సంగతి ముందు చూద్దాం. మీరు పంపిన పాలసీ కాపీలో జీరో డిప్రిసియేషన్ (తరుగు కోయకుండా చెల్లించే అదనపు కవర్) లేదు. అలాంటి పాలసీలో పెయింట్ బిల్లు మొత్తంలో నాలుగో వంతును మెటీరియల్ ఖర్చుగా లెక్కగట్టి, అందులో సగం తరుగు కింద కోస్తారు. అంటే రూ.9,000లో రూ.1,125 పోతుంది. మీది 1500 సీసీ లోపు కారు కాబట్టి ప్రతి క్లెయిమ్‌లోనూ మొదటి రూ.1,000 మీరే పెట్టుకోవాలి. అన్నీ సవ్యంగా జరిగినా మీకు వచ్చేది రూ.6,875.

ఇప్పుడు పోయేది చూడండి. మీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం, అంటే సొంత కారుకు జరిగే నష్టం కోసం కట్టేది, అసలు రూ.9,000. పోయిన రెన్యువల్ నాటికి నాలుగేళ్లు క్లెయిమ్ లేదు కాబట్టి 45% నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ఇచ్చే తగ్గింపు) తీసేసి రూ.4,950 కట్టారు. ఈసారి బోనస్ 50% అవుతుంది, రూ.4,500 కడితే చాలు. క్లెయిమ్ చేశారో, బోనస్ సున్నా. పూర్తి రూ.9,000 కట్టాలి. ఆ తర్వాతి ఏడాది 20% దగ్గర మళ్లీ మొదలు కాబట్టి, రూ.4,500 కట్టాల్సిన చోట రూ.7,200 కడతారు. రెండు రెన్యువల్స్‌లోనే రూ.7,200 అదనం, దాని మీద 18% జీఎస్టీ. బోనస్ తిరిగి 50%కు చేరడానికి ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా గడవాలి. కారు పాతబడేకొద్దీ ప్రీమియం కొంత తగ్గుతుంది కాబట్టి రూపాయల్లో లెక్క అటూ ఇటూ కావచ్చు గానీ, మొగ్గు మాత్రం మారదు. క్లెయిమ్ చేసినా బోనస్ పోకుండా కాపాడే బోనస్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ ఉంటే వేరే మాట. మీ పాలసీలో అదీ లేదు.

ఇంకో చిక్కుంది. గీత ప్రమాదం కిందకు వస్తుంది, తుప్పు రాదు. వాడకంతో వచ్చే అరుగుదల, తరుగు పాలసీలో కవర్ కావు. ఎర్రబడిన రేకు చూడగానే ఇది నిన్నటి గీత కాదని నష్టం అంచనా వేయడానికి వచ్చే సర్వేయర్‌కు తెలిసిపోతుంది. ఫారంలో తేదీ ఈ వారానిది వేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. సలహా వాళ్లదైనా సంతకం మీది.

అలాగని వదిలేయడమూ కుదరదు. మీది సముద్రపు ఊరు, గాలిలోనే ఉప్పు ఉంటుంది. రేకుకు తేమతోపాటు ఉప్పు తగిలితే తుప్పు పరుగులు తీస్తుంది. ముందు డోర్ కింది అంచు చూడండి. అక్కడ పెయింట్ బుడగల్లా లేచి ఉంటే తుప్పు లోపలి నుంచి వస్తోందన్నమాట. డోర్ అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రాలు మట్టితో మూసుకుపోయాయేమో చూసి, పుల్లతో శుభ్రం చేయండి. గీత దగ్గర బొటనవేలితో గట్టిగా నొక్కండి. రేకు గట్టిగా ఉండి, ఎరుపు గీత వరకే ఉంటే ఇది పైపై తుప్పే, రూ.2,500 పనే. నొక్కితే లోపలికి పోతున్నా, పెళుసుగా రాలుతున్నా రేకు కోసి అతకాలి. అప్పుడు మళ్లీ అంచనా వేయించి నాకు రాయండి.

పని జరిగేటప్పుడు కాసేపు పక్కనే నిలబడండి. మొహమాటం వద్దు, డబ్బు మీది. తుప్పు మీదే లప్పం పెట్టి రంగు కొడితే చూడ్డానికి కొత్తగానే ఉంటుంది, వచ్చే వానాకాలానికి అదే చోట పొంగుతుంది. ఎమరీ పేపర్‌తో రుద్దితే ఎర్రదనమంతా పోయి రేకు వెండిలా తేలాలి. చిన్న గుంటల్లో నల్లచుక్కలు మిగిలితే రస్ట్ కన్వర్టర్ (మిగిలిన తుప్పును ఆపే రసాయనం) రాయమనండి. చుట్టూ పెయింట్ అంచు వేలికి తగలకుండా సన్నటి వాటర్ పేపర్‌తో నునుపు చేయాలి. రేకు తేలిన రోజే ప్రైమర్ పడాలి. మీ ఊళ్లో ఒక్క రాత్రి ఒట్టి రేకు వదిలేసినా తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది. రంగు కంటితో పోల్చి కలిపేయకుండా, కారు మీద స్టిక్కర్‌లో ఉన్న కలర్ కోడ్ ప్రకారం తెప్పించమనండి. పైన క్లియర్ కోట్ (రంగును కాపాడే పారదర్శక పూత) తప్పనిసరి. ముసురు పట్టిన రోజున పని పెట్టుకోవద్దు.

రెండేళ్లలో అమ్మే ఆలోచన ఉన్నా ఇదే దారి. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఇప్పుడు మీటర్ పెట్టి పెయింట్ మందం చూస్తున్నారు. డోర్ మొత్తం మళ్లీ రంగేసి ఉంటే ‘యాక్సిడెంట్ బండా?’ అని బేరం మొదలుపెడతారు. జానెడు టచప్‌కు అంత అనుమానం రాదు.

సిరామిక్ కోటింగ్ పెయింట్‌కు మెరుపు ఇస్తుంది, నీళ్లు జారిపోయేలా చేస్తుంది. రేకులో ఉన్న తుప్పును అది ఆపదు. నో కాస్ట్ ఈఎంఐలోనూ ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ ఉండొచ్చు. సగం ధర పోయిన కారుకు అది దండగ.

రెన్యువల్ నోటీసు రాగానే బోనస్ 50% అని ఉందో లేదో చూడండి. పాలసీ గడువు ముగిశాక 90 రోజులు దాటితే ఆ బోనస్ మొత్తం పోతుంది. ఒకవేళ కారు అమ్మేస్తే బోనస్ కొన్నవాళ్లకు వెళ్లదు, మీకే ఉంటుంది. కంపెనీ నుంచి ఎన్‌సీబీ (నో క్లెయిమ్ బోనస్) సర్టిఫికెట్ తీసుకుంటే మూడేళ్లలోపు కొనే కొత్త కారుకు వాడుకోవచ్చు. కొత్త కారు ఓన్ డ్యామేజ్ ప్రీమియం ఎక్కువ కాబట్టి, అక్కడ ఆ 50% విలువ ఇప్పటికన్నా పెద్దదే.